పసుపులోని కర్బనము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆరును మూరును కలిసిన తొమ్మిది యగుననియు, గుట్టమీద తొమ్మండుగురు నాథసిద్ధులు తపస్సు చేసినందున ఈ ఊరు నవనాథపురమనియు, అదియే ఆర్మూరు అయినదనియు పెద్దలు చెప్పుదురు. సిద్ధుల పేరు వినినంతనే రసవాదము జ్ఞప్తికి వచ్చును. హీనలోహమును బంగారముగా మార్చు విద్య వారికి తెలియునని జనశ్రుతి. ఆ విద్య సంగతి యెట్లున్నను, ఈ గుట్ట చుట్టునున్న నేల మాత్రము ఏటేట గాలిని, నీటిని, మట్టిని కలిపి పచ్చని సరకును తయారుచేయుచునే యున్నది. గాలిలోని బొగ్గుపులుసు వాయువునుండి కర్బనమును, నీటినుండి ఉదజనిని తీసికొని, సూర్యకాంతి సాయముతో రెండింటిని కూర్చి, ఎనిమిది తొమ్మిది నెలలలో దుంపయందు దాచుచున్నది. దీనికంటె గొప్ప రసవాదము ఏ సిద్ధుడు చేసెను?

పసుపు పచ్చగా ఏల యుండును? సున్నము తగిలినంతనే ఎఱ్ఱబడుటకు కారణమేమి? అంగడిలో పచ్చగా కనబడునదెల్ల పసుపేనా? ఈ ప్రశ్నలకు సమాధానము కర్బన రసాయనశాస్త్రమున గలదు. గ్రంథాలయములలో భారతము అట్టలు చిరిగియుండును; రసాయనశాస్త్రపు అట్ట కొత్తగానే యుండును. మొదటిది చిరుగుట మంచిదే. రెండవది కొత్తగా నుండుట మాత్రము మంచిది కాదు. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించినప్పుడు, చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రములు కూడ తెలుగువారికి తెలుగులోనే అందవలెనని సంకల్పించిరి. ఆ సంకల్పమునకు ఈ ప్రసంగము చిన్న ఉడుతసాయము.

పూర్వము పాశ్చాత్య పండితులు పదార్థములను రెండు తెగలుగా విభజించిరి. ఉప్పు, సున్నము, ఇనుము మొదలగునవి ఒక తెగ. చక్కెర, నూనె, రంగు, సువాసన మొదలైనట్టి, చెట్లనుండియు జంతువులనుండియు లభించునవి మఱియొక తెగ. ఈ రెండవ తెగలోని వానిని పుట్టించుటకు జీవశక్తి యను నొక రహస్యశక్తి కావలెననియు, మనుష్యుని చేతిలో అవి తయారు కావనియు నమ్మిరి. 1828లో వోలర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు అమోనియం సయనేటు అను లవణమును వేడిచేయగా యూరియా వచ్చినది. అంతవరకు యూరియా మూత్రమునుండి మాత్రమే లభించునది. జంతువు యొక్క మూత్రపిండములతో పనిలేకయే అది గాజుపాత్రలో పుట్టినది. నేడు పొలమునకు బస్తాలతో తెచ్చి చల్లు యూరియాయు, గోమూత్రమందలి యూరియాయు అణువునకు అణువు ఒక్కటియే. ఏదో దోషము ఉన్నను అది చల్లుటలోని ఎక్కువ తక్కువలలో నుండునుగాని, యూరియా పుట్టుకలో లేదు. ఈ విషయము జ్ఞాపకముంచుకొనవలెను. ముందు మరల అక్కఱకు వచ్చును.

నాటినుండి కర్బన రసాయనమనగా జీవుల రసాయనము అను అర్థము పోయి, కర్బనము యొక్క రసాయనము అను అర్థము నిలిచినది. తొంబది చిల్లర మూలకములు ప్రకృతిలో నుండగా ఒక్క కర్బనమునకే ప్రత్యేకశాస్త్రము ఎందుకు కావలసివచ్చెను? దానికి నాలుగు చేతులు ఉండుటచేత. విష్ణుమూర్తివలె కర్బన పరమాణువు చతుర్భుజము. ఉదజనికి ఒక్కటే చేయి. ఆమ్లజనికి రెండు. నత్రజనికి సాధారణముగా మూడు. చేయి యనగా వేఱొక పరమాణువును పట్టుకొను శక్తి. శాస్త్రమున దీనిని బంధమందురు. రెండు పరమాణువులు చెఱియొక ఎలక్ట్రానును ఉమ్మడి సొమ్ముగా పెట్టుకొనినచో ఒక బంధము ఏర్పడును. కర్బనమునకు నాలుగు బంధములుండునని 1858లో కెకూలే అను జర్మనుడును, కూపర్ అను స్కాట్లండు దేశీయుడును వేఱువేఱుగా కనుగొనిరి.

చతుర్భుజత్వము ఒక్కటే కాదు. కర్బనము తనవంటి మఱియొక కర్బనమును గట్టిగా పట్టుకొనగలదు, అది ఇంకొకదానిని, అట్లు ఎంత దూరమైనను గొలుసు సాగును. ఇతర మూలకములలో ఈ గుణము ఇంతగా లేదు.

కర్బనమును ఉదజనియు తప్ప వేఱేమియు లేని పదార్థములను ఉదకర్బనములు అందురు. శాస్త్రమునకు ఇవి అక్షరమాల వంటివి. అన్నింటిలో చిన్నది మిథేను. ఒక కర్బనము, దాని నాలుగు చేతులలో నాలుగు ఉదజనులు. ఈ నాలుగు చేతులు కాగితముపై గీసినట్లు చదునుగా నుండవు. మూడుకాళ్ల పీటను నేలపై నుంచి, దాని నడుమ ఒక కఱ్ఱను నిలువుగా పాతినచో, కాళ్లు మూడు, కఱ్ఱ యొకటి, నాలుగు దిక్కులకు ఎట్లు విడిపోవునో అట్లుండును. పెరటిలోని గోబరుగ్యాసు గుంటనుండి వచ్చి పొయ్యి వెలిగించునది మిథేనే. గోదావరీతీరమున పాశర్లపూడిలో 1995 జనవరిలో చమురుబావి బ్రద్దలై, 65 దినములు ఆర్పరాని మంటగా మండిన వాయువులో ప్రధానమైనదియు మిథేనే. ఒకచోట పాలు కాచుచున్నది, ఒకచోట కొబ్బరితోటలను కాల్చినది. అణువు మాత్రము మాఱలేదు.

రెండు కర్బనములు కలిసిన ఈథేను, మూడు కలిసిన ప్రొపేను, నాలుగు కలిసిన బ్యూటేను. ఉదజనుల లెక్క సులభము. గొలుసులోని ప్రతి కర్బనమునకు రెండేసి, రెండు కొసలయందు ఒక్కొక్కటి చొప్పున అదనము. కర్బనములు మూడైనచో ఉదజనులు ఎనిమిది, నాలుగైనచో పది, ఇరువదియైనచో నలువదిరెండు. గొలుసు పొడుగైన కొలది పదార్థము బరువెక్కును. మిథేను వాయువు, సీసాలో వంటగ్యాసుగా వచ్చు ప్రొపేను, బ్యూటేనులు ఒత్తిడికి లొంగి ద్రవమగు వాయువులు, ఐదు మొదలుకొని పండ్రెండు వఱకు కర్బనములు గలవి పెట్రోలు, అంతకు పైన కిరసనాయిలు, ఇరువది దాటినవి క్రొవ్వొత్తి మైనము, ఆపైన బాటకు వేయు తారు. ఒక్క మాట ఇండ్లలోని ఆడవారు తప్పక తెలిసికొనవలెను. మిథేను గాలికంటె తేలిక గనుక పైకి పోవును. సీసాగ్యాసు గాలికంటె బరువు గనుక కాఱినప్పుడు నేలపై పఱచుకొనును. గవాక్షము పైనున్నదని నిర్భయముగా నుండరాదు. క్రిందినుండి బయటికి పోవు దారి తీయవలెను.

బ్యూటేను దగ్గఱ ఒక వింత ఎదురగును. నాలుగు కర్బనములు వరుసగా నిలువవచ్చును. లేదా, మూడు వరుసగా నిలిచి, నాలుగవది నడుమనున్నదాని ప్రక్కన కొమ్మవలె అంటుకొనవచ్చును. లెక్కకు రెండింటను కర్బనములు నాలుగే, ఉదజనులు పదియే. అయినను రెండును ఒక్కటి కావు. మొదటిది సున్నకు అర డిగ్రీ దిగువన మఱుగును. రెండవది సున్నకు పండ్రెండు డిగ్రీల దిగువన. వాల్మీకి కథ ఎఱుగనివారుండరు. మరా మరా యన్నచో రామా రామా యైనది. అక్షరములు అవియే, కూర్పు మాఱినంతనే బోయవాడు ఋషియైనాడు. ఐదు కర్బనములకు మూడు కూర్పులు, ఆఱింటికి ఐదు, పదింటికి 75. ఇరువది కర్బనములకు వచ్చు కూర్పులు 3,66,319 అని గణితజ్ఞులు లెక్కతేల్చిరి. ఛందశ్శాస్త్రములో ప్రస్తారము వేసినవారికి ఈ పెరుగుదల ఆశ్చర్యము కలిగింపదు. సరకు తూకములోను, మూలకముల లెక్కలోను సమానమైనంత మాత్రమున రెండు వస్తువులు ఒక్కటి కావని దీనివలన తేలుచున్నది.

ఇక, రెండు కర్బనములు ఒక్కొక్క చేతితోనే పట్టుకొనవలెనను నియమము లేదు. ఆడపిల్లలు ఒప్పులకుప్ప ఆడునప్పుడు రెండు చేతులతో రెండు చేతులు పట్టుకొని గిఱగిఱ తిరుగుదురు గదా, అట్లు రెండేసి చేతులతో పట్టుకొనిన కర్బనముల జంట ఇథిలీను. మామిడికాయలను గడ్డిలో మాగవేసినప్పుడు, ఒక కాయ పండినచో ప్రక్కవానినెల్ల పండించునది ఈ ఇథిలీనే. కాయ తనంతట తానే దానిని పుట్టించుకొనును. మూడేసి చేతులతో పట్టుకొనినచో ఎసిటిలీను. కార్బైడు గడ్డకు తడి తగిలిన వచ్చునది ఇది. వెల్డింగువాడు ఇనుమును కరగించుటకు వాడును. ఇథిలీనుకు దగ్గఱి చుట్టమగుటచేత ఇదియు కాయను రంగు మార్చును. అందుచే కొందఱు వర్తకులు మామిడిగంపలలో కార్బైడు పొట్లములు పెట్టుదురు. కార్బైడులో ఆర్సెనిక్ అను పాషాణపు జాడలు, భాస్వరపు జాడలు ఉండును గనుక మనదేశమున ఈ పద్ధతిని నిషేధించిరి. ఇథిలీను వాయువును మాత్రము పది లక్షల వంతులలో నూరు వంతులకు మించకుండ వాడుటకు అనుమతి గలదు.

1825లో ఫారడే దీపములకు వాడు వాయువు అడుగున మిగిలిన తైలమునుండి ఒక ద్రవమును తీసెను. దాని పేరు బెంజీను. కర్బనములు ఆఱు, ఉదజనులును ఆఱు. గొలుసుగా నిలిపి చూచిన లెక్క కుదురదు. నలువది సంవత్సరములు పండితులు తికమకపడిన తరువాత 1865లో కెకూలే, ఇది గొలుసు కాదు, వలయమని ప్రతిపాదించెను. బతుకమ్మ చుట్టు తిరుగువారికి మొదలును తుదియు లేనట్లే ఈ ఆఱు కర్బనములకును లేదు. ఒక్కొక్క దాని వెలుపలి చేతిలో ఒక్కొక్క ఉదజని. మిగిలిన నాలుగవ చేతులు ఎవరివని చెప్పుటకు వీలులేక వలయమంతటికి ఉమ్మడిగా నుండును. ఈ ఉమ్మడితనము వలననే ఆ వలయమునకు ఎనలేని నిలకడ వచ్చినది.

ఇంతవఱకు చెప్పినదెల్ల పసుపుకొమ్మును చీల్చి చూచుటకు కావలసిన పనిముట్లు మాత్రమే.

పసుపు ఉడుకబెట్టునప్పుడు కడాయినుండి ఊరంతయు వ్యాపించు వాసనలో ఉదకర్బనములును గలవు. ఒకదాని పేరు కర్క్యుమీను. పసుపు మొక్క శాస్త్రనామమునుండియే దానికి ఆ పేరు వచ్చినది. అందు కర్బనములు 15, ఉదజనులు 22. ఒక బెంజీను వలయము, దానికి తోకవంటి గొలుసు. ఈ చట్రములోనే రెండు ఉదజనులు పోయి ఒక ఆమ్లజని చేరినచో టర్మెరోను జాతిలోని యొకటి; పసుపు ఘాటు ముఖ్యముగా ఆ జాతిది. ఆవిరితో ఈ తైలము లేచిపోవును. కావుననే అవసరమునకు మించి ఉడికించిన పసుపునకు రంగు చెడును, ఘాటును తగ్గును.

రంగు వేఱు పదార్థము. 1815లో ఫోగెల్, పెలెటియే అనువారు పసుపునుండి దానిని విడదీసి కర్క్యుమిను అని పేరు పెట్టిరి. విడదీయుట తేలికయైనది గాని, దాని నిర్మాణము తెలిసికొనుటకు తొంబదియైదు సంవత్సరములు పట్టినది. 1910లో పోలండు దేశీయులగు మిలోబెండ్జ్కా, కొస్తానెట్స్కీ, లాంపే అను మువ్వురు దానిని తేల్చిరి. కావడిని తలచుకొనినచో ఆ నిర్మాణము కన్నులకు గట్టును. నడుమ ఏడు కర్బనముల బద్ద. రెండు కొసల రెండు బెంజీను వలయములు, కుండలవలె. ఒక్కొక్క కుండకు రెండు చెవులు: ఒకటి ఆమ్లజని ఉదజనుల జంట, రెండవది ఆమ్లజనికి మిథేను ముక్క అంటుకొనినది. బద్దమీద మఱి రెండు ఆమ్లజనులు. జమాఖర్చు చూడుడు: వలయములలో కర్బనములు పండ్రెండు, బద్దలో ఏడు, చెవులలో రెండు, వెరసి 21. ఆమ్లజనులు చెవులలో నాలుగు, బద్దమీద రెండు, వెరసి 6. ఉదజనులు వలయములపై ఆఱు, చెవులలో ఎనిమిది, బద్దపై ఆఱు, వెరసి 20. శాస్త్రగ్రంథములలో గల మొత్తములు ఇవియే. లెక్క తప్పలేదు.

బద్దలోను వలయములలోను జంటబంధములు ఒకటి విడిచి ఒకటిగా వచ్చుటచే ఎలక్ట్రానులు ఈ కొసనుండి ఆ కొసవఱకు ఉయ్యాలవలె ఊగగలవు. ఆ ఊపునకు సరిపడు నీలికాంతిని అణువు మ్రింగివేయును. తెల్లని వెలుగులో నీలి పోగా మిగిలినది కంటికి పచ్చగా తోచును. సున్నము కలిపినప్పుడు చెవులయందలి ఉదజనులు ఊడిపోవును. ఉయ్యాల ఊపు మాఱును. మ్రింగు కాంతియు మాఱి అణువు ఎఱ్ఱగా కనబడును. పెండ్లికూతురి పాదములకు పూయు పారాణి ఇదియే. రసాయనశాస్త్రము పుట్టకముందే తెలుగు ముత్తైదువలు ఈ ప్రయోగమును ప్రతి శుభకార్యమునను చేయుచు వచ్చిరి. ఎండకు ఆ బద్ద విఱిగిపోవును. అందుచే పసుపుమరక సబ్బుతో పోకున్నను ఎండలో వెలిసిపోవును. పొడిని గాజుసీసాలో కిటికీ దగ్గఱ పెట్టరాదు.

కర్క్యుమిను నూనెలో కరగునుగాని నీటిలో దాదాపు కరగదు. ఈ చిన్న గుణమే ఇల్లాండ్ర చేతికి ఒక ఆయుధము. మెటానిల్ ఎల్లో అను కృత్రిమపు రంగు గలదు. అదియు కర్బన పదార్థమే. దానిలోను బెంజీను వలయములే గలవు. కాని వలయముల నడుమ రెండు నత్రజనుల వంతెన యుండును. ఒక కొసకు గంధకపు సమూహమొకటి అంటియుండును. ఆ సమూహము వలన అది నీటిలో సులభముగా కరగును. బట్టలకును తోలునకును వేయదగిన ఈ రంగును ఆహారమున కలుపుట నేరము. గ్లాసు నీటిలో చెంచా పసుపుపొడి వేసి కదల్పక ఉంచవలెను. మంచిదైనచో అడుగునకు దిగి, పైనీరు లేతపసుపుగా నుండును. నీరంతయు చిక్కని పచ్చరంగు పట్టి, దిగుచున్న పొడి వెంట రంగు చాఱలు కట్టినచో అనుమానింపవలెను. బెంజీను వలయమును నిందించి ప్రయోజనము లేదు. పసుపులోను అదియే, దొంగరంగులోను అదియే.

ఇంతకంటె ఘోరమైనది సీసపు క్రోమేటు. ఇందు కర్బనమే లేదు, వట్టి ఖనిజము. ఎండబెట్టు కాలమున వాన తడిపినచో కొమ్ములు నల్లబడును. పాలిషు డ్రమ్ములో ఎంత తిప్పినను వెల రాదు. బంగ్లాదేశమున 1980ల వఱదల తరువాత అట్లు మసకబాఱిన కొమ్ములకు ఈ పొడి పూయు అలవాటు ప్రబలినదట. 2019లో ఈ సంగతి పరిశోధకులు బయలుపఱచినప్పుడు అక్కడ పరీక్షించిన అంగడి నమూనాలలో దాదాపు సగమునకు సీసము ఉండెను. ప్రభుత్వము గట్టిగా పట్టుకొనగా 2021 నాటికి కనబడకపోయెను. సీసము పసిపిల్లల మెదడును చెఱుచును. చెఱిచినది తిరిగి రాదు. కొమ్ము మెఱుపును బట్టియే వెల కట్టుచుండిన ఎక్కడనైనను ఈ బుద్ధి పుట్టవచ్చును. కొమ్ములను నీటిలో వేసినంతనే రంగు వదలినచో వానిని కొనరాదు.

రైతునకు మఱియొక చిక్కు గలదు. నెల్లూరు, కడప సీమలలో ఒకప్పుడు నీలిమందు సేద్యము ప్రసిద్ధముగా సాగినది. బైయర్ అను జర్మనుడు నీలి యొక్క నిర్మాణమును కనుగొనెను. 1897లో జర్మనీలోని కర్మాగారము నీలిని తయారుచేసి అమ్మసాగెను. కొన్ని సంవత్సరములలోనే ఇక్కడి నీలితొట్లు ఎండిపోయినవి. కర్క్యుమినును లాంపే 1913లోనే కృత్రిమముగా తయారుచేసెను. నేడు పెట్రోలియము మూలముగా తయారైన కర్క్యుమిను మందుల అంగడికి వచ్చుచున్నది. యూరియా విషయమున చెప్పినట్లే, ఇదియు అణువునకు అణువు ఒక్కటియే. కూర్పులో దోషము పట్టుట అసాధ్యము. కాని ఒక సాక్షి మిగిలియున్నది. గాలిలోని కర్బనమున 14 తూకము గల అరుదైన కర్బనము కొంచెము కలిసియుండును; అది 5,730 సంవత్సరములకు సగము తరుగును. నిన్నటి గాలిని పీల్చి పెరిగిన పసుపులో అది యుండును. కోట్ల సంవత్సరములు భూమిలో మగ్గిన చమురులో ఏమియు మిగిలియుండదు. పొలములో పండినదో, చమురులో పుట్టినదో ఆ లెక్క చెప్పివేయును.

వ్రాతసాక్ష్యము సంగతియు ఇక్కడ చెప్పదగియున్నది. పసుపుతో గాయము మాన్పుట తమ క్రొత్త కల్పన యని అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయము 1995లో హక్కుపత్రము పొందెను. మాషేల్కర్‌గారి నాయకత్వమున నున్న భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి దానిపై వాదించి, 1997లో రద్దుచేయించినది. అందఱి నోట నున్న మాట అక్కడ చెల్లలేదు. ప్రాచీన సంస్కృత గ్రంథమును, 1953 నాటి వైద్యపత్రికలోని వ్యాసమును చూపిన తరువాతనే చెల్లినది. ఆ పాత పత్రికను ఏదో గ్రంథాలయము పాతకాగితముల క్రింద అమ్మివేసియుండినచో ఏమి జరిగెడిదో ఊహింపవచ్చును.

ఇక వెల మాట. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతముల రైతులు నిజామాబాదు యార్డులో ధర గిట్టక, మహారాష్ట్రలోని సాంగ్లీ వఱకు కొమ్ములను మోసికొనిపోవుట అందఱు ఎఱిగినదే. 2019 లోకసభ యెన్నికలలో పసుపుబోర్డు కావలెనని రైతులే నామపత్రములు వేయగా నిజామాబాదున అభ్యర్థుల సంఖ్య 185 అయినది. 2025లో జాతీయ పసుపుబోర్డు నిజామాబాదు కేంద్రముగా ఏర్పడినది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనాకేంద్రము ఎప్పటినుండియో గలదు. అయినను కొనువాడు చేయునదేమి? కొమ్మును విఱిచి చూచును, గోటితో గీయును, గలగలలాడించి వినును, కాడికి ఒక ధర, గోళకు ఒక ధర చెప్పును. లోపల కర్క్యుమిను నూటికి రెండు వంతులో, నాలుగు వంతులో అతడు చూడడు, రైతు అడుగడు. మేఘాలయములోని లకడాంగ్ రకమున అది ఏడు వంతుల వఱకు నుండుననియు, అందుచే దానికి హెచ్చుధర పలుకుననియు మందుల కంపెనీలకు బాగుగా తెలియును. పాలను వెన్నను బట్టి కొలుచుట పల్లెలకు ఎప్పుడో వచ్చినది. వెన్నశాతము వ్రాయని పాలచీటిని ఏ రైతును తీసికొనడు. పసుపుచీటిలో తూకము, తేమ మాత్రమే కాక కర్క్యుమిను శాతమునకును ఒక గడి యుండవలెనని రైతులు యార్డువారిని అడుగవచ్చును. అడుగుటకు ముందు రాబోవు పంటలో తమ తమ మళ్లనుండి ఒక్కొక్క కొమ్మును, మడి పేరు, విత్తనపు రకము, త్రవ్విన తేదీ వ్రాసిన కాగితముతో కట్టి ఈ గ్రంథాలయములో ఇచ్చినచో, అన్నియు కలిపి పరీక్షకు పంపి, వచ్చిన అంకెలను పత్రికల బల్లపై అందఱు చదువునట్లు ఉంచుటకు కార్యవర్గమువారు అంగీకరించియున్నారు.